పదో చోట తండ్రి పేరు

మొన్న సూర్యాపేట బస్టాండులో మిర్యాలగూడ బస్సు కోసం నిలబడి ఉంటే, గరిడేపల్లి దిక్కు మనిషి ఒకాయన నన్ను గుర్తుపట్టి పలకరించాడు.

"బాగున్నరా వకీలు సాబ్? ఎన్కట మీ తానకు కాయితం పట్కొని తిరిగేది సూడుండ్రి, మా ఊరి గొల్లామె. గామె పోయింది. అమాస పోయిన మూడొద్దులకు," అన్నాడు.

ఇంకేదో చెప్పబోయాడు కానీ బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. నేను ఎక్కలేదు.

ఆమె పేరేమిటని ఆయన్ను అడిగి ఉండొచ్చు. నాకు ఇప్పటికీ తెలియదు. వకాలత్‌నామా మీద ఆమె తమ్ముడి వేలిముద్ర, తీర్పు నకలు మీద ఆమె తమ్ముడి పేరు, అప్పీలులో ఆమె తమ్ముడి పేరు. ఆమె పేరు అవసరం పడ్డ కాయితం ఒక్కటీ లేదు. చేతిలో ఎప్పుడూ ఉర్దూలో రాసిన ఆ తీర్పు నకలు ఉండేది కాబట్టి కోర్టులో మేమంతా ఆమెను నకలమ్మ అనేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేనే.

అప్పటికి ఆమెకు నలభై దాటి ఉంటాయి. పొడుగు మనిషి. ఎండాకాలంలో కూడా భుజాన నల్ల గొంగడి. గొర్రెలకు మందు పోసే వెదురు గొట్టం ఉంటుంది చూడండి, అందులో కాయితాన్ని చుట్టి పెట్టుకొని, పైన గుడ్డపీలిక కుక్కి, చంకన పెట్టుకొని వచ్చేది. కాయితం తీసే ముందు బల్లను కొంగుతో తుడిచేది. బల్ల శుభ్రంగా ఉన్నా తుడిచేది. అరుగుమీద పెట్టాల్సి వస్తే అరుగు తుడిచేది. తర్వాత రెండు చేతులతో కాయితం పరిచి, మూడడుగులు వెనక్కి జరిగి నిలబడేది.

కూర్చొమ్మంటే కూర్చునేది కాదు.

"కూసుంటే మీరు మరిసిపోతరయ్యా. నిలవడితె యాదికుంటది," అనేది.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అది. వాళ్ల ఊళ్లో ఒక రైతు వరివాములు మూడు తగలబడ్డాయి. కాపలా ఉన్న ముసలివాడు ఆ మంటల్లో పోయాడు. ఆ రైతుకూ ఊరి పటేలుకూ అప్పటికే పేచీలున్నాయి. అయినా పటేలే ముందుపడి, గొర్లకాపరి లింగయ్య సంగపోడు, కమ్యూనిస్టుల మనిషి, ఇది వాడి పనేనని పోలీసులకు అప్పజెప్పాడు. ఆ లింగయ్యే ఈమె తమ్ముడు. పద్నాలుగేండ్ల ఖైదు పడింది. తల్లి చిన్నప్పుడే పోతే ఈమే పెంచింది వాణ్ణి. పెళ్లి చేసుకొని వెళ్లిన ఇంటినుంచి మొగుడు వద్దన్నా తిరిగొచ్చి పెంచింది.

"ఆనికి అగ్గంటే బయమయ్యా. సుట్ట గూడ కాల్వడు. పొయ్యి నేను అంటుపెడితేనే ఆడు దగ్గరికొస్తడు," అని వచ్చినప్పుడల్లా చెప్పేది. కోర్టులో ఈ మాట చెప్పావా అని ఎవరో అడిగారు. "నన్నెవరు లోపటికి రానిచ్చిన్రయ్యా," అంది.

నేను అప్పుడు సూర్యాపేటలో ఒక పెద్ద వకీలు గారి వరండాలో బల్ల వేసుకొని ఉండేవాణ్ణి. ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు, కింది దర్జా వకీలు సనదు. హైదరాబాదు పెద్ద కోర్టులో నిలబడే హక్కు నాకు లేదు. పెద్ద వకీలుకు ఉంది. అందుకే ఆమె మొదట ఆయన దగ్గరికే వచ్చింది.

"అప్పీలా? గడువు ఎన్ని దినాలున్నదో తెల్సా నీకు?" అన్నాడాయన, పాన్ బుగ్గకు తోసుకుంటూ.

"తెల్వదయ్యా. మీరే సెప్పాలె."

"తెల్వకుంట ఎట్లొచ్చినవ్ మరి? తెల్సుకొని రేపు రా."

ఆమె కచేరీలో ఎవరినో అడిగి తెలుసుకొని మర్నాడు వచ్చింది. ఇంకా ముప్పై రోజులున్నాయంది. "అయితే తొందరేమున్నది, ఎల్లుండి రా," అన్నాడు. అట్లా నాలుగుసార్లు తిప్పాడు. కాయితం ఒక్కసారీ ముట్టుకోలేదు. ఐదోసారి, "గిది నా పని గాదు. మిర్యాలగూడల ఒకాయన ఉన్నడు. అప్పీల్లు రాయాలంటే ఆయన్నే రాయాలె. పో," అన్నాడు.

ఆమె చేతులు జోడించి మెట్లు దిగింది. వీధి మలుపు తిరిగేదాకా చూసి, "ఆయన అప్పీలు రాసి పదేండ్లయింది," అని పెద్ద వకీలు పొట్ట కదిలేట్టు నవ్వాడు. నేనూ నవ్వాను. మిర్యాలగూడకు నడిచి వెళితే రెండు రోజులు.

ఆ వారమే నాకు మిర్యాలగూడలో ఒక వాయిదా ఉండింది. వకీళ్ల గదిలోకి నేను అడుగు పెట్టేసరికి ఆమె అక్కడ ఉంది. ఆ మిర్యాలగూడ వకీలు కుర్చీలో వెనక్కి వాలి, చుట్టూ నలుగురు స్నేహితులను పెట్టుకొని కాయితం చేతబట్టాడు.

"నకలమ్మా, నీకు ఉర్దూ వస్తదంట గద?" అన్నాడు.

నేను పెట్టిన పేరు నాకంటే ముందే అక్కడికి చేరింది.

"రాదయ్యా. మా ఊర్ల దూదేకులాయన మా తమ్ముని పేరు ఏడేడున్నదో సూపిచ్చిండు. గది ఒక్కటే గుర్తువడ్త."

"సదువు మరి," అని కాయితాన్ని తలకిందులు చేసి ఆమె ముందు పెట్టాడు.

ఆమె ఒక్క క్షణం చూసి, దాన్ని తిప్పి సరిగ్గా పెట్టింది. వేలు ఆనించి, "గిది," అంది. గది గొల్లుమంది. "అరె, నిజంగనే వస్తది!" అని ఒకాయన బల్ల గుద్దాడు. ఆమె ఆ నవ్వును మెప్పు అనుకున్నట్టుంది. "పది తాన్ల ఉన్నదయ్యా ఆని పేరు. లెక్కవెట్టిన," అంది.

అప్పుడాయన మొహం గంభీరంగా పెట్టి, చివరి పేజీ తీసి, ఉర్దూలో ఒక వాక్యం చదివాడు. "గీడ ఏమున్నదో ఎవరన్న సెప్పిన్రా నీకు? ఉరి అని ఉన్నది."

ఆమె ఏడవలేదు. అరవలేదు. ఉన్నచోటే నేలమీద కూర్చుండిపోయింది. ఆమె కూర్చోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నలుగురూ పడీ పడీ నవ్వారు. నేను రుమాలు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వాను.

"మజాక్ చేసిన, లే. ఉరి లేదు, ఏం లేదు. పద్నాలుగేండ్లే," అన్నాడాయన.

ఆమె లేచింది. "ఉరి లేదు గదయ్యా? జర ఇంకోపారి సూసి సెప్పుండ్రి."

"లేదంటి గద."

"మీ కడుపు సల్లగుండ," అని వంగి ఆయన కాళ్ల ముందు నేలను ముట్టి కళ్లకద్దుకుంది. తమ్ముడికి పడ్డ ఉరిని ఆయనే అప్పటికప్పుడు కొట్టేయించినట్టు. తర్వాత ఆయన, "నా తోని కాదు, కోదాడల ఒక ముసలాయన ఉన్నడు," అని ఇంకో దారి చూపించాడు. అది కూడా తమాషాకే. కోదాడ ఆయన ఆంధ్రా దిక్కునుంచి వచ్చి పొలం కొనుక్కొని ఉంటున్న మనిషి. మా కోర్టుల్లో ఆయనకు వకాలత్ లేదని గదిలో అందరికీ తెలుసు.

ఇంటికొచ్చి ఈ కథంతా నా భార్యకు చెప్పాను, ఆ గొంతులన్నీ అనుకరిస్తూ. ఆమె నవ్వలేదు. "అన్నం సల్లారుతుంది, తినుండ్రి," అంది.

వారం రోజుల తర్వాత నకలమ్మ నా బల్ల ముందు నిలబడి ఉంది. పెద్ద వకీలు దగ్గరికి కాదు, నా దగ్గరికే వచ్చానంది. కోదాడ ముసలాయన చెప్పిన మాటలు ఒక్క అక్షరం పోకుండా, ఆయన యాసలోనే అప్పజెప్పింది.

"'కూర్చో అమ్మా. ఉర్దూ నాకు రాదు. నా సనదు మద్రాసు వైపుది, మీ కోర్టుల్లో చెల్లదు. ఎవరిచేతైనా దీన్ని తెలుగులో రాయించుకుని రా. హైదరాబాదులో నాకు తెలిసిన వకీలున్నాడు, మంచివాడు. విషయమంతా ఉత్తరం రాసి పంపిస్తాను. ఆలస్యం మాత్రం చెయ్యకు తల్లీ' అన్నడయ్యా."

"నా దగ్గరికే ఎందుకొచ్చినవమ్మా?" అన్నాను.

"మిర్యాలగూడల అందరు నవ్విన్రు. మీరొక్కలే నవ్వలే," అంది.

కాయితం తీసుకొని రాయడం మొదలుపెట్టాను. గడువు ఇంకా పదకొండు రోజులుంది. రెండు రోజుల పని. తెల్ల కాయితం తీసి, కలం ముంచి, ఒక్కో వాక్యం ఉర్దూలో చదివి ఆమెకు తెలుగులో చెప్తూ రాస్తున్నాను. మూడో పేజీకి వచ్చేసరికి ఆమె ముందుకు జరిగి వేలు పెట్టింది.

"అయ్యా, గీడ మా నాయన పేరు ఎందుకు మారింది?"

"ఏడ?"

"తొమ్మిది తాన్ల మా నాయన పేరుకు గుండు లెక్క తలకాయ ఉన్నది. గీ పదో తాన రంపం లెక్క మూడు పండ్లున్నయి. అందర్నడిగిన. ఎవ్వరు సూడలే."

నేను చూశాను. ఉర్దూలో 'మ'కు గుండు తల ఉంటుంది, 'స'కు మూడు పండ్లు. తొమ్మిది చోట్ల లింగయ్య వల్ద్ ముత్తయ్య అని ఉంది. ముత్తయ్య కొడుకు లింగయ్య. పదో చోట, ఉన్న ఒక్క సాక్షీ చెప్పిన మాటలు రాసిన చోట, లింగయ్య వల్ద్ సైదులు అని ఉంది. సైదులు కొడుకు లింగయ్య కాగడా పట్టుకొని ఉరుకుతుంటే చూశానని సాక్షి చెప్పాడు. కోర్టు ముత్తయ్య కొడుకు లింగయ్యను జైలుకు పంపింది.

"సైదులు కొడుకు లింగయ్య అని మీ ఊర్ల ఎవరన్న ఉన్నడా?"

"ఉన్నడు. పటేలు జీతగాడు."

రెండు వైపుల వకీళ్లు, ఒక న్యాయాధికారి, ఇంతమంది చదువుకున్నవాళ్ల కళ్లబడనిది అక్షరం రాని మనిషి వేలితో వెతికి పట్టుకుంది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"ఇది చాలు. ఇది ఒక్కటి చాలు. మీ తమ్ముడు ఇంటికొస్తడు," అన్నాను.

ఆమె నవ్వలేదు. బల్ల అంచు పట్టుకుంది. "మల్ల సెప్పుండ్రి," అంది. మళ్లీ చెప్పాను.

ఆ సాయంత్రమే వెళ్లి పెద్ద వకీలుకు చెప్పాను. నేను కనిపెట్టానని కూడా అనిపించుకోవాలనుకున్నానేమో. ఆయన పాన్ నమలడం ఆపాడు.

"ఇంకెవరికన్న సెప్పినవా?"

"లేదండి."

"ఆ పటేలు ఎవరి కక్షిదారు?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. పటేలు ఆయన కక్షిదారే. ఏడాదిలో సగం కేసులు పటేలువే.

"ఈ అప్పీలు పెద్ద కోర్టుల నిలవడితే, రేపు పోలీసులు ఆ జీతగాన్ని పట్టుకుంటరు. ఆడు ఎవరి పేరు సెప్తడు? గడువు ఎన్ని దినాలున్నది?"

"పదకొండు."

"పదకొండు దినాలు కాయితం నీ పెట్టెల ఉంచు. సింపమంటలేను. కాల్వమంటలేను. ఉంచమంటున్న. పై దర్జా పరీక్షకు ఈ ఏడు నీ పేరు పంపుదామనుకుంటున్న. నువ్వు తెలివిగల్లోనివి."

నేను ఇంటికి వెళ్లి కాయితం పెట్టెలో పెట్టాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. ఇది నేను చాలాసార్లు నాకు నేనే చెప్పుకున్నాను.

ఆమె ఊరికి పోలేదు. సంత దగ్గర బండ్లు ఆపే చోట ఎవరినో అడిగి తలదాచుకుంది. రోజూ పొద్దున వచ్చేది.

"అయిందా అయ్యా?"

"రేపు."

ఐదో రోజు ముంతలో మేకపాలు తెచ్చింది. ఎవరి మందలోనో పని చేసి అడిగి తెచ్చిందట. "పిల్లలకయ్యా," అంది. నా పిల్లలు తాగారు. ఎనిమిదో రోజు, "అంత కష్టమైన రాతనా?" అని అడిగింది. పాత ఉర్దూ అమ్మా, ఒక్కో మాటకూ అర్థం వెతకాలె అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. "మీ కండ్లు పోతయి. జర నెమ్మదిగనే రాయుండ్రి. నాకేం తొందర లేదు," అంది.

ఆమెకు గడువు లెక్క రాదని కాదు. నేను లెక్క చూసుకుంటున్నానని నమ్మింది.

పన్నెండో రోజు తెలుగు రాత ఇచ్చాను. ఎంత ముద్దుగా రాశానో. ఒక్క కొట్టివేత లేదు. పదో చోట సైదులు పేరు కింద గీత కూడా గీశాను. ఆమె దాన్ని గొట్టంలో పెట్టుకొని కోదాడకు నడిచింది.

కోదాడ ముసలాయన మంచివాడు. అప్పటికప్పుడు హైదరాబాదుకు రాశాడు. నాకూ ఒక ఉత్తరం రాశాడు. గడువు దాటింది, ఆలస్యానికి కారణం చూపించాలి, నకలు మీ దగ్గరికి ఎప్పుడొచ్చిందో తెలియజేయగలరు అని. గడువుకు ఒక్క రోజు ముందు తెచ్చిందని, చదువు లేని మనిషి కాబట్టి ఊళ్లు తిరుగుతూ కాలం పోగొట్టుకుందని జవాబు రాశాను. కింద సంతకం చేశాను.

హైదరాబాదు నుంచి ఉత్తర్వు నా చిరునామాకే వచ్చింది. రెండు వాక్యాలు. అప్పీలు గడువు దాటి దాఖలైంది. ఆలస్యానికి తగిన కారణం లేనందున స్వీకరించలేదు. అంతే. లోపలి పేజీ ఏదీ ఎవరూ తిప్పలేదు.

ఆమె వచ్చి నిలబడింది. అప్పీలు పోయిందని చెప్పాను.

"సదివిన్రా అయ్యా?"

లేదంటే ఎందుకు చదవలేదో చెప్పాలి. గడువు దాటిందని చెప్పాలి. ఎట్లా దాటిందో చెప్పాలి.

"సదివిన్రమ్మా. మొత్తం సదివిన్రు," అన్నాను.

"పదో తాన గూడ?"

"అది గూడ."

"సదివి గూడ ఆడే చేసిండన్నరా?"

"అన్నరు."

ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. పెద్ద కోర్టును, పటేలును, దేవుణ్ణి, ఎవరినైనా. ఆమె అదేం చేయలేదు.

"అంత పెద్దోల్లు. అంత సదువుకున్నోల్లు. ఆల్లకు మా తమ్మునితోని పగ ఏమున్నదయ్యా," అంది. ఆ మాట నాతో కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు అంది. తర్వాత వెళ్లిపోయింది.

అబద్ధం చెప్తే ఆమెకు కాస్త ఊరట అనుకున్నాను, నాకు ఎట్లాగూ ఊరటే. ఆ అబద్ధం ఎక్కడికి పోతుందో నేను ఆలోచించలేదు.

ఆమె తిన్నగా జైలుకు పోయింది. తమ్ముణ్ణి చూడటానికి అంతకు ముందు నెలకోసారి పోయేది, సద్దిమూట కట్టుకొని. ఈసారి ఉత్త చేతులతో పోయింది. ఈ సంగతి నాకు ఆమే చెప్పింది, చలికాలంలో, ఆఖరుసారి వచ్చినప్పుడు.

ఆ చలికాలానికి నేను పై దర్జా పరీక్ష ప్యాసయ్యాను. వరండా బల్ల వదిలి వేరే గది కిరాయికి తీసుకున్నాను. జైలు నుంచి ఒక కార్డు ఆ గదికి వచ్చింది. అప్పీలు మీద నా చిరునామా ఉంది కాబట్టి నాకే పంపారు. ఖైదీ లింగయ్య వల్ద్ ముత్తయ్య జ్వరంతో చనిపోయాడు. గరిడేపల్లి పోయే బండివాడితో ఆమెకు కబురు చేశాను. రెండు రోజులకు వచ్చింది. మనిషి సగమైంది. గొంగడి లేదు.

కార్డు చదివాను.

"మొన్న ఎండకాలం పోయినయ్యా ఆని తానకు," అంది. "అడిగిన. ముసలోడు కాలి సచ్చిండురా, నిజం సెప్పు, ఇంకెవరికి సెప్పకున్నా నాకన్న సెప్పు అన్న. నేను గాదక్కా అన్నడు. కమ్మీలు పట్కొని ఏడ్చిండు. పెద్ద కోర్టోల్లు అంత సదివి సెప్పినంక గూడ గట్లనే అంటవారా అన్న. నేను గాదక్కా, నువ్వన్న నమ్మవే అన్నడు. నేను ఎల్లొచ్చిన. మల్ల పోలే."

నేను బల్ల మీది కాయితాలు సర్దాను. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

"కబురు పంపిండు ఎవరితోనో, అక్కను ఒక్కసారి రమ్మనుండ్రి అని. ఒప్పుకుంటెనే వస్తనని సెప్పి పంపిన," అంది. "గా కార్డుల ఏమన్న రాసిన్రా అయ్యా? పోయేటప్పుడన్న ఒప్పుకున్నడా?"

"లేదమ్మా. రాయలేదు."

"ఆఖరు దాంక అబద్ధమే ఆడిండు," అంది. "పెంచిన దానితోని గూడ."

గదిలో మేమిద్దరమే ఉన్నాం. వీధి తలుపు మూసి ఉంది. పెద్ద వకీలు లేడు, పటేలు లేడు, వినేవాళ్లు ఎవరూ లేరు. ఒక్క మాట చెప్తే చాలు, తమ్ముడు పోయినా ఆ తమ్ముడి మీది నమ్మకం ఆమెకు తిరిగి దొరికేది. నోరు తెరిచాను.

"మంచినీళ్లు తాగుతవా?" అన్నాను.

వద్దన్నట్టు తల ఊపింది. నేను కార్డు ఆమె ముందుకు జరిపాను. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"నాకెందుకయ్యా అది. మీ తాననే ఉంచుండ్రి," అని మెట్లు దిగి పోయింది.